అడ్డం పెట్టని చెయ్యి

తెలుగులో కామరాజు చమత్కారి, కొంచెం కోపిష్టి, అవసరం పడితే వెటకారం కూడా తెలిసినవాడు. ఇంగ్లీషులో మాత్రం పరమ సాత్వికుడు. అదేమీ ఆయన సాధన చేసి సంపాదించుకున్న గుణం కాదు. కోప్పడడానికి కావలసిన మాటలు ఆ భాషలో ఆయన దగ్గర లేవు, అంతే. తెలుగులో పాఠాలు చెప్పే రోజుల్లో వెనక బెంచీలో ఎవడైనా కునికితే "ఏరా అబ్బాయ్, దుప్పటి తెప్పించమంటావా?" అనేవాడు. క్లాసంతా ఘొల్లుమనేది. కునికినవాడు కూడా నవ్వేసి సర్దుకుని కూర్చునేవాడు. ఇప్పుడు "ప్లీజ్ డోంట్ స్లీప్" అంటున్నాడు. వాడు సిగ్గుపడకపోగా, ఆ మెత్తని గొంతుకి ఇంకాస్త హాయిగా నిద్రపోతున్నాడు.

తాడేపల్లిగూడెం నుంచి గణపవరం వెళ్ళే దారిలో, వరిచేల మధ్య పసుపు రంగు వేసుకుని నిలబడ్డ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయన ఎకనామిక్స్ లెక్చరరు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాడు, ఇప్పుడు రంగు వేస్తే నల్లగా ఉంటోంది. తెలుగు మీడియం నడిచినన్నాళ్ళూ ఆయన పాఠమంటే కామర్స్ పిల్లలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడేవారు. ధర పెరిగితే గిరాకీ ఎందుకు తగ్గుతుందో చెప్పడానికి ఆకివీడు చేపల మార్కెట్టుని క్లాసులోకి దింపేవాడు. బేరగాడి గొంతు, కొనేవాడి గొంతు, మధ్యలో తగువు తీర్చే పెద్దమనిషి గొంతు కూడా తనే పలికేవాడు. తర్వాత డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియమైపోయింది. కామరాజు ఆ దెబ్బని కూడా కాసుకున్నాడు. హెడ్డింగులు ఇంగ్లీషులో బోర్డు మీద రాసేవాడు, పాఠం తెలుగులో చెప్పేవాడు. పైన కోటు, లోపల పంచె అన్నమాట.

ఈ ఏడాది ఆ పంచె కాస్తా బయటపడింది. కరస్పాండెంటుగారి అబ్బాయి హేమంత్‌కుమార్ బెంగుళూరు చదువు ముగించుకుని వచ్చి ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నాడు. క్లాసుక్లాసుకీ కెమెరా పెట్టించాడు. ఆ కెమెరాలకి చెవులు కూడా ఉన్నాయి. క్లాసులో తెలుగు వినపడకూడదన్నాడు. సెమిస్టరు అయ్యేలోగా ఒక్కొక్కరి పాఠం తను స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. సరిగ్గా చెప్పలేనివాళ్ళని అవుట్‌రీచ్ వింగ్‌లోకి మారుస్తానన్నాడు. పేరు గొప్పగా ఉంది గానీ, దానర్థం ఊరూరా తిరిగి ఇంటర్ చదివే పిల్లల తల్లిదండ్రుల్ని బతిమాలి అడ్మిషన్లు తేవడం. జీతం జీతమే. పాఠం మాత్రం ఉండదు. పాఠం లేని కామరాజు ఎలా ఉంటాడో కామరాజు ఊహించుకోబోయాడు. ఎంత ఊహించినా అక్కడ ఎవరూ కనపడలేదు. ఆయనకి నిజంగా భయం వేసింది.

భయపడ్డవాళ్ళందరి కోసం కాలేజీవారు ఏలూరులో ఒక హోటలు ఏసీ హాల్లో శిక్షణ పెట్టించారు. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడని పిల్లలకి ఇంగ్లీషులో సమర్థంగా పాఠం చెప్పడం ఎలా అన్నది విషయం. హైదరాబాదు నుంచి ఇందుజ మేడమ్ వచ్చింది. చక్కటి మనిషి, నవ్వు మొహం. కానీ ఆవిడ ఇంగ్లీషు గూడెంలో ఆగని ఎక్స్‌ప్రెస్ బండిలాంటిది. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ళకి గాలి తగలడమే తప్ప ఎక్కే వీలుండదు. ఆ గాలిలో 'స్కఫోల్డింగ్' అన్న మాట పదేపదే వచ్చింది. అదేదో ఇళ్ళు కట్టే వ్యవహారంలా ఉందే, మధ్యలో ఇక్కడికెందుకొచ్చిందా అని కామరాజు ఆలోచిస్తుండగానే ఆవిడ నాలుగు స్టేషన్లు దాటిపోయింది. ప్రతి ముక్కా అయ్యాక ఆవిడ ఆగి "ఈజ్ దట్ క్లియర్?" అనడిగేది. "ఎస్ మేడమ్!" అని హాలంతా ఒక్క గొంతుతో అనేది. అందరికంటే గట్టిగా కామరాజు అనేవాడు, ఎందుకంటే అందరికంటే తక్కువ అర్థమైంది ఆయనకే అని ఆయన నమ్మకం. ముందు వరసలో కూర్చున్న హేమంత్‌కుమార్ కూడా తల ఊపుతూ "ఎస్ ఎస్" అన్నాడు. ఇంత చురుకైన లెక్చరర్లని తనెక్కడా చూడలేదని మేడమ్ మురిసిపోయింది.

మర్నాటి నుంచి కామరాజు తన పద్ధతిలో తయారయ్యాడు. అంటే గైడు బట్టీ పట్టి, అద్దం ముందు నిలబడి అప్పజెప్పుకున్నాడు. ఆయన భార్య అమ్మాజీ వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఏవండీ, ఎవరితోనండీ దెబ్బలాడుతున్నారు?"

"పాఠం చెప్తున్నానే."

"అలాగాండీ. పాపం, అద్దం గదా, లేచి వెళ్ళిపోలేదు" అని ఆవిడ మళ్ళీ పోపు దగ్గరకి వెళ్ళిపోయింది.

క్లాసులో ఆ అప్పజెప్పడమంతా అయ్యాక "అండర్‌స్టాండ్?" అన్నాడు. "ఎస్ సార్!" అని క్లాసు మారుమోగింది. కామరాజు గుండె ఉప్పొంగింది. వారమంతా అలాగే చెప్పాడు, వారమంతా అలాగే మారుమోగింది. తన ఇంగ్లీషు ఇన్నాళ్ళూ మూలన పడి ఉండడం వల్ల దేశానికెంత నష్టం జరిగిందో అని కూడా ఒకసారి అనుకున్నాడు. ఆ ఊపులో ఒక చిన్న పరీక్ష పెట్టాడు.

పేపర్లు దిద్దుతుంటే ఊపు దిగిపోయింది. సగం మంది గైడులో వాక్యాలు చుక్క పోకుండా దింపారు, అడిగిన ప్రశ్నకీ ఆ వాక్యాలకీ సంబంధం లేదు. మిగతా సగం ఆయన నోటి వెంట వచ్చిందంతా యథాతథంగా రాశారు. ఒక కుర్రాడైతే అవకాశ వ్యయానికి నిర్వచనం రాస్తూ, మధ్యలో 'ప్లీజ్ డోంట్ స్లీప్' అని కూడా రాసి, దాని కింద గీత గీశాడు. కామరాజు నవ్వాడు, తర్వాత కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. పాఠం చూడ్డానికి ప్రిన్సిపాల్ వచ్చేది ఇంకెంతో దూరంలో లేదు.

సెలవు రోజుల్లో క్లాసులున్న లెక్చరర్లు కూడా వంతులవారీగా ఊళ్ళు తిరగాలి. ఆ రెండో శనివారం ఆయన వంతు వచ్చింది. అవుట్‌రీచ్‌లోకి, తన పాఠం వంతు ముందే అయిపోయి, వెళ్ళిపోయిన కామర్స్ లెక్చరరు బెంజమిన్ బండి మీద వెనకాల కూర్చున్నాడు. గణపవరం, ఉండి, ఆకివీడు దాటి కొల్లేరు వైపు దిగారు. ఆకివీడు దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. గట్ల మీద మేత బస్తాలు, ఎండకి మెరిసే నీళ్ళు, ఎదురొచ్చే ఐసు లారీలు.

"ఎలా ఉందండీ బెంజమిన్‌గారూ ఈ పని?" అని కామరాజు అడిగాడు.

"బానే ఉందండీ. గాలి బాగా తగుల్తాదండీ" అన్నాడు బెంజమిన్. ఎదురొచ్చిన ఐసు లారీకి దారిచ్చి, "మొన్న మా ఆవిడ్ని కూచోబెట్టి బ్యాలెన్స్ షీటు చెప్పానండీ. పాపం సగం దాకా వింది. తర్వాత పాలు పొంగుతున్నాయని లేచెళ్ళిపోయింది. మా ఇంట్లో ఆ రోజు పాలే లేవండీ" అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. కామరాజుకి మాత్రం వచ్చే ఏడాది ఈ బండి మీద ముందు సీటు తనదే అనిపించింది.

మధ్యాహ్నం దాటాక ఒక లంక గ్రామంలో ఆగారు. అక్కడే తన క్లాసులో ముందు బెంచీలో కూర్చునే చాందిని ఇల్లుందని కామరాజుకి తెలియదు. గట్టు మీద నిలబడ్డ ఆ పిల్లే చూసి పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్ళి తల్లిని పిలుచుకొచ్చింది. తల్లి సువర్ణ చీర చెంగుకి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"రండి మాస్టారూ, రండి. ఎండన పడొచ్చారు. భోంచేశారా అండీ?"

పొద్దున్న గూడెంలో తిన్న రెండిడ్లీలు ఉండి దగ్గరే అరిగిపోయాయి. ఆకివీడు నుంచి కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి. అయినా కామరాజు తల వంచుకుని, మర్యాదగా, "అయిందండీ. దారిలో చేసే వచ్చాం" అన్నాడు. బెంజమిన్ కూడా "ఫుల్లండీ" అని పొట్ట నిమురుకున్నాడు.

సువర్ణ ఆ మాట విననట్టే లోపలికి వెళ్ళింది. కాసేపటికి రెండు పీటలు, రెండు కంచాలు, వేడన్నం, కొరమీను పులుసు వచ్చేశాయి.

"అయ్యో, ఎందుకండీ ఇదంతా, అయిందంటున్నాంగా" అన్నాడు కామరాజు పీట మీద కూర్చుంటూ.

"మీరంటారండీ. అనకుండా ఎలా ఉంటారు" అంది ఆవిడ, అన్నం పెడుతూ.

ఆయన మొదటి వాయికి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ వేళ్ళ సందులోంచి వడ్డించేసింది. రెండోసారీ అడ్డం పెట్టాడు. ఆవిడ కంచంలోకి చూసి, పులుసు అడుగంటిందని గమనించి, మళ్ళీ వడ్డించింది. మూడోసారి నిజంగానే కడుపు నిండిపోయి, రెండు చేతులూ కంచం మీద పరిచి దాని మీదకి వంగిపోయాడు. అప్పుడు ఆగింది.

"ఇప్పుడు నమ్మానండీ" అంది సువర్ణ నవ్వుతూ.

చెయ్యి కడుక్కుంటూ, ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని, తువ్వాలు పట్టుకుని నిలబడ్డ చాందినితో కామరాజు, "ఏమ్మా, మొన్న చెప్పిన పాఠం అర్థమైందా?" అన్నాడు.

చాందిని తల వంచుకుంది. "అర్థమైందండీ" అంది మర్యాదగా.

కామరాజు చేతి మీద నీళ్ళు పోసుకోవడం మర్చిపోయాడు. ఆ తల వంచడం తనకి తెలుసు. ఆ గొంతు తనకి తెలుసు. ఇందాక కడుపు కాలిపోతూ ఇదే గుమ్మంలో నిలబడి తను వంచిన తల అది, తను పెట్టిన గొంతు అది.

తిరుగు ప్రయాణమంతా ఆయన తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు, తెలుగులో కాబట్టి బాగా తిట్టుకున్నాడు. తన ఇంటికి ఎవరొచ్చి "అయిందండీ" అన్నా అమ్మాజీ ఏనాడైనా నమ్మిందా? తను నమ్మనిచ్చాడా? ఈ జిల్లాల్లో పుట్టి పెరిగిన మనిషి ఎవడైనా అతిథి మాట నమ్ముతాడా? అడగడం మర్యాద, లేదనడం మర్యాద, వినకుండా వడ్డించడం మర్యాద. ఇది చిన్నపిల్లలక్కూడా తెలుసు. ఇంటికొచ్చినవాడి మాట ఒక్కనాడూ నమ్మని కామరాజుగారు, క్లాసుకొచ్చినవాళ్ళు "ఎస్ సార్" అంటే అక్షరాలా నమ్మేశాడు. ఎందుకు నమ్మాడంటే, నమ్మితే హాయిగా ఉంటుంది మరి. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టకుండానే అందరూ తిన్నారని సంతోషించే పెద్దమనిషి ఎవరో అచ్చం తనలాగే ఉంటాడనుకున్నాడు.

"బెంజమిన్‌గారూ, ఏలూరు ట్రైనింగులో మీకేమైనా అర్థమైందాండీ?" అని అడిగాడు.

"మీరు అంత గట్టిగా ఎస్ అంటుంటే, మీకు అర్థమైంది గదా అని నేనూ అన్నానండీ" అన్నాడు బెంజమిన్.

సోమవారం కామరాజు కొత్త ఉత్సాహంతో క్లాసుకి వెళ్ళి, ఎవరినీ నమ్మకూడదని నిశ్చయించుకుని, పాఠం మధ్యలో చాందినిని లేపి "టెల్ మీ" అన్నాడు. ఆ పిల్ల లేచింది. నేల చూసింది. క్లాసంతా నేల చూసింది. బెల్లు కొట్టేదాకా అలాగే నిలబడిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కామరాజుకి చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. వడ్డించమంటే పిల్ల నోట్లో కుక్కాడు. మూర్ఖత్వంలో తన ప్రగతి చూసి తనకే ఆశ్చర్యం వేసింది.

ఆ మర్నాడు వేరే విధంగా మొదలుపెట్టాడు. గైడు స్టాఫ్‌రూమ్‌లో వదిలేశాడు. చిన్న చిన్న వాక్యాలు చెప్పాడు, పెద్దవి ఎలాగూ తనకి రావు. కొత్త మాట వచ్చినప్పుడల్లా బోర్డు మీద రాసి, పక్కన బొమ్మ వేశాడు. ఆయన వేసిన చేప వంకాయలా ఉందని పిల్లలు నవ్వారు, నవ్వనిచ్చాడు. నాలుగు వాక్యాలయ్యాక నోరు మూసుకుని, విన్నది పక్కవాళ్ళతో చెప్పుకోమన్నాడు. గుసగుసల్లో తెలుగు ఎంత ఉందో ఇంగ్లీషు ఎంత ఉందో కెమెరాకి తెలియదు. ఆ గుసగుసల మధ్య చెవులు రిక్కించుకుని తిరిగాడు. ఎక్కడ ఏం తినకుండా వదిలేశారో కొద్దికొద్దిగా తెలియసాగింది.

చివరికి ఒక నియమం పెట్టాడు. అది మాత్రం గుమ్మం బయట, కెమెరా చెవి పడని చోట, తెలుగులో చెప్పాడు.

"ఇవాళ్టి నించి నేను అర్థమైందా అని అడగనర్రా. మీరు ఎస్ సార్ అనొద్దు. భోజనాల దగ్గర చాలు అనడానికి ఏం చేస్తాం? చెయ్యి అడ్డం పెడతాం. పాఠం చాలినవాళ్ళు పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టండి. పెట్టనివాళ్ళకి మళ్ళీ వడ్డిస్తాను. నోరు విప్పక్కర్లేదు, మొహమాటం లేదు."

"మొహమాటానికి చెయ్యి అడ్డం పెడితేనో అండీ?" అన్నాడు వెనక బెంచీ నిద్రపోతు.

"కంచంలోకి తొంగి చూస్తాను" అన్నాడు కామరాజు.

మొదటిరోజు అందరూ చేతులు అడ్డం పెట్టేశారు, పెళ్ళి భోజనంలో పెద్దమనుషుల్లా. ఆయన తిరిగి తిరిగి కంచాల్లోకి తొంగిచూశాడు. తర్వాత్తర్వాత చేతులు తగ్గాయి. పుస్తకాలు తెరిచి అలా చూస్తూ కూర్చునేవారు. చెయ్యి పడని అన్ని పుస్తకాలు చూస్తే మొదట్లో ఆయనకి ఏడుపొచ్చినంత పనయ్యేది. ఇన్నాళ్ళూ ఇంతమందిని పస్తుంచి పంపానా అనుకునేవాడు. పాఠం నెమ్మదిగా నడిచింది. కానీ నిద్రపోయేవాడు నిద్ర మానేశాడు, ఎందుకంటే పక్కవాడు వాణ్ణి గోకి మరీ అడుగుతున్నాడు. చాందిని ఒకరోజు, ఎవరూ లేపకుండానే, "సార్, వన్ మోర్ టైమ్" అంది.

ప్రిన్సిపాల్ వచ్చే రోజు రానే వచ్చింది. హేమంత్‌కుమార్, అతనితోపాటు ఏలూరు శిక్షణ ఇచ్చిన ఇందుజ మేడమ్, ఇద్దరూ వెనక బెంచీలో కూర్చున్నారు. కామరాజు చెప్పవలసినవి రెండంశాలు. మొదటిది అవకాశ వ్యయం, అంటే ఒకటి ఎంచుకున్నందుకు వదులుకోవలసి వచ్చిన రెండోదాని విలువ. చెమట పట్టిన చేత్తో బోర్డు మీద ఒక ఎకరం గీశాడు. ఇంగ్లీషు చిన్న చిన్న ముక్కలుగా వచ్చింది, మధ్యలో ఒక క్రియ ఎటో పోయింది. కొత్త మనుషుల్ని చూసి పిల్లలు బిగుసుకుపోయారు. గుసగుసలు కూడా సన్నగిల్లాయి. ఆయన గడియారం చూసుకుని, రెండో అంశానికి వెళ్ళబోతుండగా హేమంత్‌కుమార్ లేచి నిలబడి, "సో, ఆల్ అండర్‌స్టుడ్?" అన్నాడు.

"ఎస్ సార్!"

పైకప్పు ఎగిరిపోయేంత గట్టిగా అన్నారు. అంత గట్టిగా ఆ క్లాసు ఎప్పుడూ అనలేదు. ఈ పాఠం పోతే మాస్టారికి పాఠాలే పోతాయని పిల్లలకెలాగో తెలిసిపోయింది. కాలేజీలో తెలియనిదేముంటుంది? ఆయన్ని కాపాడుకోవాలని గొంతు చించుకున్నారు. హేమంత్‌కుమార్ సంతోషంగా తలూపి, చేతిలో కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

కామరాజు చేతుల వైపు చూశాడు. పుస్తకాలన్నీ తెరిచి ఉన్నాయి. ఒక్క చెయ్యీ వాటి మీద లేదు. చాందిని గొంతు అందరికంటే గట్టిగా వినపడింది, ఆ పిల్ల చేతులు మాత్రం ఒళ్ళో ఉన్నాయి. నోళ్ళు ఆయన కోసం అబద్ధం చెప్తున్నాయి. చేతులకి ఆయనే నేర్పాడు కాబట్టి అవి చెప్పలేకపోతున్నాయి.

ఊరుకోవయ్యా బాబూ, అనుకున్నాడు కామరాజు. ఈ ఒక్కపూటకి ఊరుకో. వాళ్ళే పెట్టిన ప్రాణభిక్ష, పుచ్చుకుని రెండో అంశంలోకి వెళ్ళిపో. మొన్నమొన్నటిదాకా "ఎస్ సార్" నమ్మి బతికావు, ఇంకొక్క గంట నమ్మలేవా? ఆయన నిజంగానే సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాడు. తిరిగినవాడు, ఎందుకో మళ్ళీ వెనక్కి తిరిగాడు. ఆ ఖాళీ పుస్తకాలు చూస్తూ వెళ్ళిపోవడం ఆయనవల్ల కాలేదు.

"సారీ సార్," అన్నాడు హేమంత్‌కుమార్‌తో. "దే ఆర్ నాట్ అండర్‌స్టుడ్. దే ఆర్ సేయింగ్ ఎస్ ఫర్ మీ. ఐ విల్ టీచ్ అగైన్."

కామరాజు బోర్డు తుడిచేసి మళ్ళీ ఎకరం గీశాడు. ఈసారి అందులో సగం నీళ్ళు, సగం వరి వేశాడు. చేప మళ్ళీ వంకాయలాగే వచ్చింది. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. బిగుసుకున్నదేదో ఆ నవ్వుతో వదులైంది. పక్కవాళ్ళతో మాట్లాడుకోమన్నాడు. గుసగుస లేచింది, పెరిగింది. అందులోంచి చాందిని లేచి నిలబడింది.

"సార్. అవర్ వన్ ఏకర్. బిఫోర్, రైస్. మై ఫాదర్, పాండ్ డిగ్గింగ్. నౌ ఫిష్ కమింగ్, రైస్ నాట్ కమింగ్. దట్ నాట్ కమింగ్ రైస్..." ఆగిపోయింది. మాట కోసం బోర్డంతా వెతికింది. "...దట్ రైస్ ఈజ్ ది కాస్ట్ ఆఫ్ ఫిష్, సార్."

ఆ వాక్యాల్లో సరిచెయ్యవలసినవి చాలా ఉన్నాయి. కామరాజు ఒక్కటీ సరిచెయ్యలేదు. ఒకటొకటిగా చేతులు పుస్తకాల మీదకి వచ్చాయి. బెల్లు కొట్టేశారు. రెండో అంశం మొదలే కాలేదు.

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గదికి పిలుపొచ్చింది. ఇందుజ మేడమ్ కూడా అక్కడే ఉంది. హేమంత్‌కుమార్ మంచి పిల్లవాడే, పెద్దాయన్ని నొప్పించడం ఇష్టం లేక ఇంగ్లీషులోకి దిగాడు. కామరాజు అనుభవం గురించి, సంస్థ దృక్పథం గురించి, కొత్త బాధ్యతల గురించి పొడవైన, మెత్తటి వాక్యాలు చాలా చెప్పి, చివర్లో "యామ్ ఐ క్లియర్, సార్?" అన్నాడు.

"ఎస్ సార్" అన్న మాట అలవాటు కొద్దీ కామరాజు నాలుక చివరికి వచ్చి కూర్చుంది. ఆయన దాన్ని మింగేశాడు.

"లేదండీ" అన్నాడు. "అర్థం కాలేదండీ."

హేమంత్‌కుమార్ తెల్లబోయాడు. ఆ గదిలో ఆ మాట వినపడడం అదే మొదటిసారి కావచ్చు. ఇంకాస్త నెమ్మదిగా, ఇంగ్లీషులోనే మళ్ళీ చెప్పాడు.

"ఇప్పుడూ కాలేదండీ. కాస్త తెలుగులో చెప్తారా?"

తెలుగులో మెత్తదనం దొరకలేదు. "అంటే... కామరాజుగారూ... మిమ్మల్ని క్లాసులోంచి తీసి ఊళ్ళ మీదకి పంపుదామనండీ."

"ఎందుకండీ?"

"మీ క్లాసులో పిల్లలకి అర్థం కాలేదు గనక... అంటే, వాళ్ళు అర్థమైందనే అన్నారు... మీరే కాలేదన్నారు. అని మళ్ళీ చెప్పారు. మళ్ళీ చెప్తే వాళ్ళకి అర్థమైంది. అందుకని..."

అక్కడితో ఆగిపోయాడు. ఇంగ్లీషులో చక్కగా నిలబడ్డ కారణం తెలుగులో కూలబడిపోయింది. తన మాటలు తనకే వినపడి అతని చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు పెన్ను మూత తీశాడు, పెట్టాడు.

"సరే లెండి," అన్నాడు చివరికి. "మీ క్లాసు మీరే చూసుకోండి. ఆ రెండో టాపిక్కు మాత్రం ఎలాగో పూర్తి చెయ్యండి సార్."

కామరాజు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకోకపోతే లేచి ఆ కుర్రాణ్ణి కావలించుకునేలా ఉన్నాడు.

ఇందుజ మేడమ్ అనుమానంగా ముందుకి వంగింది. "కామరాజుగారూ, ఒక్కమాట. ఏలూర్లో నేను చెప్పింది మీకు అర్థమైందా?"

"ఒక్క ముక్క కూడా కాలేదండీ."

"అదేంటండీ! అందరూ ఎస్ మేడమ్ అన్నారు కదా! మీరైతే అందరికంటే గట్టిగా!"

"మేం గోదావరి వాళ్ళమండీ. అంత దూరం నించి మీరొచ్చి చెప్తుంటే, అర్థం కాలేదని ఎలా అంటామండీ? బాగోదు గదండీ."

ఆవిడ మొహం కాసేపు చిన్నబోయింది. తర్వాత తనే నవ్వేసింది. ఆ స్కఫోల్డింగ్ అంటే మేస్త్రీలు కట్టే పరంజా అనీ, పిల్లలకి కూడా చిన్న వాక్యాలు, బొమ్మలు, పక్కవాళ్ళతో మాటలు మొదట్లో పరంజాలా కట్టి, నిలదొక్కుకున్నాక విప్పెయ్యాలనీ, పొద్దున్న ఆయన చేసిందే అదనీ తెలుగులో చెప్పింది. పుస్తకం మీద చేతుల సంగతేమిటని అడిగింది. కామరాజు సువర్ణ కొరమీను పులుసుతో సహా చెప్పాడు. ఆవిడ ముగ్ధురాలైపోయి, ఆ ఉత్సాహంలో హేమంత్‌కుమార్ వైపు తిరిగి, దీని మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనలన్నీ ఇంగ్లీషులో అందుకుంది. ఎక్స్‌ప్రెస్ మళ్ళీ గూడెం దాటేసింది. చాలా స్టేషన్ల తర్వాత ఆగి, "ఈజ్ దట్ క్లియర్, సార్?" అంది.

"ఎస్ మేడమ్. అఫ్‌కోర్స్" అన్నాడు హేమంత్‌కుమార్.

కామరాజు అతని చేతుల కోసం చూశాడు. అవి బల్ల కింద, ఒళ్ళో ఉన్నాయి. బల్ల మీద డైరీ తెరిచి ఉంది.

"మేడమ్," అన్నాడు కామరాజు, గొంతు సవరించుకుని. "సార్‌గారికి ఇంకొంచెం వడ్డించండి."